దుబాసీ ప్లాట్యే

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి కాలేజీకొచ్చిన నాకు ఇంగ్లీషంటే ముందు భయం, ఆ తర్వాత కోపం. లైబ్రరీలో దక్షిణాఫ్రికా చరిత్ర తిరగేస్తుండగా సోల్ ప్లాట్యే కంటబడ్డాడు. ఆయన జీవితం చదివాక నా కోపం చాలావరకు చల్లారింది.

ప్లాట్యే 1876లో ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో పుట్టాడు. మాతృభాష సెట్స్వానా. మిషన్ బడిలో కొద్దిపాటి చదువే తప్ప కాలేజీ గడప తొక్కలేదు. 1894లో కింబర్లీ పోస్టాఫీసులో బంట్రోతుగా చేరి, ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదువుకొని, మఫెకింగ్ కోర్టులో దుబాసీ అయ్యాడు. దుబాసీ నోట ఒక్కమాట తప్పితే బోనులో నిలబడ్డవాడి బతుకు తారుమారవుతుంది. పరాయిభాషను పొల్లుపోకుండా నేర్వడమెందుకో ఆయనకక్కడే బోధపడి ఉంటుందని నా ఊహ.

1912లో బ్లోమ్‌ఫాంటేన్‌లో పుట్టిన సంస్థకు, అంటే తర్వాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అయినదానికి, ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి. మరుసటేడు వచ్చిన భూమి చట్టం నల్లవారికి దేశంలో సుమారు 7 శాతం నేల మాత్రమే మిగిల్చింది. పశువుల్ని తోలుకొని రోడ్డునపడ్డ కుటుంబాలను ప్లాట్యే కళ్లారా చూశాడు. 1914లో ప్రతినిధివర్గంతో లండన్ వెళ్లి మొరపెట్టుకున్నాడు. 1916లో ఆ గోడునంతా ఇంగ్లీషులో పుస్తకంగా అచ్చువేశాడు. దొరలు విన్నారు, చదివారు. చట్టం మాత్రం కదల్లేదు.

మరి ఆ ఇంగ్లీషంతా వృథాయేనా? అదే ఏడు లండన్‌లోనే 732 సెట్స్వానా సామెతలను ఇంగ్లీషు అర్థాలతో ప్రకటించాడు. 1930లో షేక్స్‌పియర్ నాటకమొకటి ఆయన చేతిమీదుగా సెట్స్వానాలో వెలువడింది. ఇంగ్లీషులో రాసిన నవల 'మ్హూడీ' కూడా ఆ ఏడే వచ్చింది. తనవాళ్ల గోడు పైకి వినిపించడానికీ, లోకంలోని మంచిని తనవాళ్లకు తెచ్చిపెట్టడానికీ ఆ భాషనే వంతెన చేసుకున్నాడన్నమాట.

1932లో, 55వ ఏట, న్యుమోనియాతో కన్నుమూశాడు. నేటి దక్షిణాఫ్రికాలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవారు పదిమందిలో ఒకరు కూడా లేరు. అయినా పార్లమెంటు, కోర్టు, కాలేజీ నడిచేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. సెట్స్వానా కూడా అధికార భాషల్లో ఒకటైంది. కాలేజీ మొహం చూడని ఆ దుబాసీ పేరున 2014లో కింబర్లీలో విశ్వవిద్యాలయమే వెలిసింది.

మిత్రులారా, ఇంగ్లీషు నేర్వడం నాకిప్పటికీ కష్టమే. కానీ నేర్చింది మనవాళ్లకేం తెచ్చిపెట్టిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. ప్లాట్యే దగ్గర ఉంది.