సవరల మాట నేర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు

ఈ శతవార్షిక సంచికలో దైవసేవకుల జీవితములు వచ్చుచుండగా, క్రైస్తవులు కాని యొక పంతులుగారిని గూర్చి మేమేల వ్రాయుచున్నామని ప్రియ సంఘస్థులు అడుగవచ్చును. గుమ్మలక్ష్మీపురం సంతలో కాసేపు నిలిచి వినినచో జవాబు తెలియును. అక్కడ తెలుగుతోబాటు సవర మాటయు వినబడును. ఆ మాటకు వ్యాకరణము వ్రాసి, నిఘంటువు కూర్చి, సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

వారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము దగ్గర వంశధార ఒడ్డున నున్న పర్వతాలపేటలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రి వీర్రాజుగారు గతించిరి. విజయనగరములో గురజాడ అప్పారావుగారితో కలిసి చదివి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

పర్లాకిమిడి చుట్టును కొండలు, కొండలనిండ సవరలు. వారికి చదువు చెప్పవలెనని పంతులుగారికి కోరిక కలిగెను. ముందు తెలుగు నేర్చుకొని రండని వారితో చెప్పి ఊరకుండవచ్చును. వారట్లు చేయలేదు. తెలుగు, సవర రెండును వచ్చిన మనిషిని తమ యింటనే పెట్టుకొని, ఏండ్ల తరబడి సవర నేర్చుకొనిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. సొంత డబ్బుతో బడులు పెట్టి ఉపాధ్యాయులకు జీతములిచ్చిరి. మద్రాసు ప్రభుత్వము మెచ్చి 1913లో బిరుదు నిచ్చెను.

పంతులుగారు ప్రభుత్వముపై తిరుగబడినవారు కారు. జమీందారు కొలువులో బ్రతికి, దొరతనమువారి బిరుదు స్వీకరించిన పెద్దమనిషి. ఆ కాలమున కొండవారి యొద్దకు దొరలు వెళ్లిరి, జమీందారులు వెళ్లిరి, మతబోధకులును వెళ్లిరి. మేలు చేయవలెనను తలంపు కొందరికి నిజముగనే యుండెను. కాని మేలు పొందుటకు కొండవారే దిగివచ్చి, క్రిందివారి మాటయు మర్యాదయు నేర్చుకొనవలెననుట నాటి పెద్దల వాడుక. పంతులుగారు ఆ పెద్దలలో ఒకరై యుండియు, ముందు తామే సవరలకు శిష్యులైరి.

అందుకు వారు చెల్లించిన వెల తక్కువ కాదు. కొండలలో తిరుగుటచే మలేరియా పట్టెను. దానికి పుచ్చుకొనిన క్వినైను వలన వినికిడి తగ్గెను. ఒక జాతి మాటను అంత శ్రద్ధగా విన్న చెవులకే ఆ లోపము కలిగెను. అయినను పని విడువలేదు. 1931లో వారి సవర భాషా వ్యాకరణము ఇంగ్లీషులో వెలువడెను, నిఘంటువులును అచ్చయ్యెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, ముసలితనమున ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న కన్నుమూసిరి.

తెలుగులో వాడుక భాషకై వారు చేసిన పోరాటమును తలచుకొని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. సవరలకు వారు చేసినది మాత్రము కొద్దిమందికే జ్ఞాపకమున్నది. గిరిజన బిడ్డలకు తల్లిభాషలో ప్రాథమిక విద్య నేర్పు ఏర్పాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో వచ్చుటకు వారి మరణము తరువాత అరువదేండ్లు పైగా పట్టెను.

ఇక మన సంగతి. పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడిన జనులు ఎవరి భాషలో వారు దేవుని గొప్ప కార్యములను వినిరని మనము ఏటేట ప్రసంగములు చేయుచున్నాము. కాని కొండ గ్రామములకు వెళ్లినప్పుడు, సవర తల్లులకు సగము అర్థము కాని పుస్తకపు తెలుగులో గంటసేపు మాటలాడి, వారు తల యూపినందుకు సంతోషించి తిరిగి వచ్చుట లేదా? ఈ తప్పు మాదియు నైయున్నది. బట్టలు పంచితిమి, మందులిచ్చితిమి, ప్రార్థించితిమి. వారి మాట పది వాక్యములైనను నేర్చుకొనలేదు.

క్రీస్తు నామము ధరింపని యొక పంతులుగారు పొరుగువారిని ప్రేమించుట యెట్లో మనకు చూపి వెళ్లిరి. రెండవ శతాబ్దములో అడుగుపెట్టుచున్న మన సంఘములు కొండ నెక్కునప్పుడు, బోధించుటకు ముందు కూర్చుండి వినుట నేర్చుకొనునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక.