కళ్లు పొడిబారితే... కీళ్ల సంగతీ అడిగిన డాక్టర్

కళ్లలో ఇసుక పడినట్టు గరగరలాడుతోందా? మంట, ఎరుపు ఉన్నాయా? చుక్కల మందు వేసుకున్నా తగ్గడం లేదా? అయితే ఇంకో రెండు ప్రశ్నలు. నోరు ఎండిపోయి, నీళ్లు తాగితే తప్ప ముద్ద దిగడం లేదా? పొద్దున లేవగానే చేతివేళ్లు బిగుసుకుపోతున్నాయా? వీటన్నింటికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధాన్ని గట్టిగా నిరూపించినవారు స్వీడన్‌కు చెందిన కంటి డాక్టర్ హెన్రిక్ షోగ్రెన్.

1899లో పుట్టిన షోగ్రెన్ స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యం చదివారు. 1930 ప్రాంతంలో ఆయన దగ్గరికి ఒక మహిళ వచ్చారు. కళ్లు పొడి, నోరు పొడి, కీళ్లనొప్పులు. కంటి డాక్టర్ కాబట్టి కళ్లు మాత్రమే చూసి పంపేయవచ్చు. ఆయన అలా చేయలేదు. ఇలాంటివారి కోసం వెతికారు. కంటిపై దెబ్బతిన్న చోట్లను రంగు మందు వేసి గుర్తించారు. కన్నీటి గ్రంథుల ముక్కలను మైక్రోస్కోపు కింద పరీక్షించారు. 1933లో 19 మంది మహిళల వివరాలతో డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. వారిలో 13 మందికి కీళ్లవాతం ఉంది. కంటి పొడిదనం ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బులో భాగం కావచ్చన్నది ఆయన వాదన.

పరీక్షకులకు అది అంతగా రుచించలేదు. యూనివర్సిటీలో బోధించే అర్హతకు సరిపడా గ్రేడు రాలేదు. ఆయన యోన్‌షోపింగ్ అనే పట్టణంలోని ఆసుపత్రికి వెళ్లి, అక్కడే ఏళ్ల తరబడి రోగులను చూస్తూ గడిపారు. జర్మన్‌లో రాసిన ఆ గ్రంథాన్ని 1943లో ఆస్ట్రేలియా కంటి డాక్టర్ ఒకరు ఇంగ్లిష్‌లోకి అనువదించాక ప్రపంచం దృష్టి పడింది. 1961లో స్వీడన్ ప్రభుత్వం ఆయనకు ప్రొఫెసర్ బిరుదు ఇచ్చింది. 1986లో, 87వ ఏట కన్నుమూశారు. ఆ జబ్బును నేడు షోగ్రెన్స్ సిండ్రోమ్ అంటున్నాం.

ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున కన్నీటి గ్రంథులపై, లాలాజల గ్రంథులపై దాడి చేస్తుంది. బాధితుల్లో ఎక్కువమంది నడివయసు మహిళలే.

అలాగని కళ్లు పొడిబారిన ప్రతివారికీ ఈ జబ్బు ఉందని కంగారు పడొద్దు. రెప్పల అంచున నూనె గ్రంథులు మూసుకుపోవడం, రెప్ప వాల్చకుండా ఫోన్ చూడటం, ఏసీ గాలి, వయసు, మెనోపాజ్, అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు... ఇవే సాధారణ కారణాలు.

పరీక్ష తేలికే. కింది రెప్పలో సన్నని కాగితం ముక్క పెట్టి, 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు. 5 మిల్లీమీటర్లు దాటకపోతే కన్నీరు తక్కువని అర్థం. షోగ్రెన్స్ అనుమానం ఉంటే రక్తంలో యాంటీబాడీ పరీక్షలు, అవసరమైతే పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు.

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. ముందుగా కృత్రిమ కన్నీటి చుక్కలు. రోజుకు నాలుగుసార్లకు మించి వాడాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి మేలు. నూనె గ్రంథులు మూసుకుపోతే గోరువెచ్చని కాపడం. తగ్గకపోతే సైక్లోస్పోరిన్ చుక్కలు, కన్నీరు బయటికి పోయే రంధ్రాలకు చిన్న ప్లగ్‌లు. షోగ్రెన్స్ ఉన్నవారికి కీళ్లకు వేరే మందులు, పళ్లు పుచ్చిపోకుండా జాగ్రత్తలు అవసరం. చెవుల ముందు వాపు తగ్గకుండా ఉంటే వెంటనే చూపించుకోవాలి, అరుదుగా అది లింఫోమా కావచ్చు. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు రావచ్చు.

మా ఓపీలో కీళ్లనొప్పులకు వచ్చేవారు కంటి మంట గురించి చెప్పరు. అది కంటి డాక్టర్ పని అనుకుంటారు. కంటి డాక్టర్ దగ్గర కీళ్ల మాట ఎత్తరు. ఈసారి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా కళ్లు, నోరు, కీళ్లు... మూడింటి గురించీ చెప్పండి. వాడుతున్న మందుల చీటీలు కూడా వెంట తీసుకెళ్లండి.