పద్యాన్ని నవ్వుతో పలకరించిన నెల్లూరు కవి పఠాభి

ఇరవై ఏళ్ల వయసులో వెలువడిన ‘ఫిడేలు రాగాల డజన్’
విషాదం వెన్నాడినా వీడని చమత్కారం

నెల్లూరు: ఎన్నికలు వచ్చాయంటే మైపాడు నుంచి కృష్ణపట్నం వరకు తీర గ్రామాలలో ఆటోలకు మైకులు కట్టి, అందరికీ తెలిసిన సినిమా పాట బాణీలో కొత్త మాటలు వినిపించడం పరిపాటి. తిరునాళ్లలో సైతం హాస్యగాడు వేదిక మీదికి వచ్చి పేరడీ పాట అందుకుంటే చప్పట్లు మార్మోగుతాయి. వినేవారికి అది కాలక్షేపమే. కానీ ఒక బాణీని వెక్కిరించాలంటే ముందుగా ఆ బాణీ పట్టుబడి ఉండాలి. ఈ కిటుకు తెలిసిన కవి ఒకరు ఈ జిల్లాలోనే జన్మించారు. తన కాలంలో రాజ్యమేలుతున్న కవిత్వ ధోరణినే ఎగతాళికి గురిచేసిన ఆ సాహసి పఠాభి.

ఆయన అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919 ఫిబ్రవరి 19న నెల్లూరులో సంపన్న కుటుంబంలో జన్మించారు. పట్టాభి అన్న పిలుపును పఠాభిగా మార్చుకుని, చమత్కారాన్ని తన పేరుతోనే ప్రారంభించారు. రవీంద్రుని కవిత్వం మీది మక్కువతో శాంతినికేతన్ చేరి చదువుకున్నారు. అనంతరం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం అభ్యసించారు.

డజను లెక్కన కవిత్వం

1939లో ఆయన తొలి కవితా సంపుటి ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువడింది. అప్పటికి ఆయన వయసు ఇరవై సంవత్సరాలు. మన కవులు అష్టకమనీ, దశకమనీ, శతకమనీ లెక్క కట్టడం ఆనవాయితీ. అరటిపండ్లను, కోడిగుడ్లను కొనే లెక్కలో కవితలను పన్నెండింటిని కట్టి పఠాభి పాఠకుల చేతిలో పెట్టారు. ఫిడేలు కూడా ఆలోచించదగిన మాటే. పరదేశం నుంచి వచ్చిన ఆ వాద్యం కర్ణాటక సంగీత కచేరీలలో సొంత బిడ్డలా ఒదిగిపోయింది. ద్వారం వెంకటస్వామినాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారని పిలుచుకున్న రోజులవి. ఇంగ్లీషు మాటలను తెలుగు కవిత్వంలోకి దింపబోతున్న యువకుడు తన పుస్తకానికి ఆ వాద్యం పేరే పెట్టుకోవడం ఎంతో సముచితం.

ఆనాడు భావకవిత్వం ప్రభ వెలుగుతోంది. వెన్నెల, విరహం, ఊహా ప్రేయసి లేనిదే కవిత లేదన్నంతగా ఆ ధోరణి పాతుకుపోయింది. పఠాభి ఆ సామగ్రినంతా మద్రాసు నగరపు వీధులలోకి లాక్కొచ్చారు. చంద్రుడూ సుందరీ ఉంటారు గానీ, వారికిచ్చే పోలికలు మాత్రం నగర జీవితంలో నుంచి ఏరినవి. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగమై, చదువుకు, వ్యాపారానికి, వినోదానికి జనం రైలెక్కి మద్రాసు వెళుతున్న కాలంలో ఆ నగరం తెలుగు కవితలోకి ఇలా ప్రవేశించడం విశేషమే.

వచన పద్యాలనే దుడ్డుకర్రలతో ఛందోబద్ధ పద్యాల నడుములు విరగగొడతాననీ, చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని సైతం వదిలిపెట్టననీ ఆయన ప్రకటించారు. తాను భావకవిని కాననీ, అహంభావ కవిననీ చెప్పుకున్నారు. సంప్రదాయవాదులు మండిపడ్డారు. అయితే ఆ బెదిరింపును ఆయన చెప్పిన తీరు గమనించదగినది. గ్రాంథిక భాషలోని సంధులు, బహువచన రూపాలు, ప్రౌఢమైన విరుపులు అన్నీ అందులో కనిపిస్తాయి. వ్యాకరణాన్ని దండిస్తానన్న వ్యక్తి ఆ వ్యాకరణాన్నే ఆయుధంగా పట్టుకున్నారు. అది రానివారు చేయగలిగిన పని కాదు. పైగా, ఇతరులను ఎగతాళి చేయడానికి ముందే అహంభావి అన్న బిరుదును తన తలకు తానే చుట్టుకుని నవ్వులపాలు కావడానికి సిద్ధపడ్డారు. పఠాభి హాస్యానికి గౌరవం దక్కింది ఇక్కడే.

పేరడీకి పెద్దలు

తెలుగులో పేరడీ అనగానే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గుర్తుకు వస్తారు. 1914లో జన్మించి 1968లో కన్నుమూసిన ఆయనను పేరడీ శాస్త్రిగా సాహితీలోకం పిలుచుకుంది. కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ వంటి వారి కవితలను ఆయన సరదాగా అనుకరించారు. అమెరికాలో ఆలన్ షెర్మన్ అనే హాస్య గాయకుడు జానపద గీతాల బాణీలకు నవ్వు పుట్టించే మాటలు కూర్చి 1962లో గ్రామఫోన్ రికార్డు వెలువరించారు. వారిద్దరూ ఒక్కొక్క కవితనో, పాటనో తీసుకుని ఆట పట్టించారు. పఠాభి ఒక కవితను కాక, ఒక యుగపు పోకడనే ఆట పట్టించారు. అందుచేత ఆయన పుస్తకాన్ని అచ్చమైన పేరడీ అనలేము గానీ, ఆ కుటుంబానికి చెందినదే.

ఈ పుస్తకానికి ముందుమాట రాసినది శ్రీశ్రీ. ఆయన ‘మహాప్రస్థానం’ పుస్తక రూపంలో రావడానికి అప్పటికి ఇంకా పదకొండేళ్ల వ్యవధి ఉంది. తరువాతి కాలంలో కుందుర్తి ఆంజనేయులు వంటి వారు వచన కవితను ఉద్యమంగా నడిపించారు. ఆ దారిలో తొలి అడుగులు వేసిన కొద్దిమందిలో నెల్లూరు యువకుడు ఒకరు.

వెండితెరపై ముద్ర

కవిత్వం నుంచి ఆయన చూపు సినిమా వైపు మళ్లింది. దర్శకుడు కె.వి.రెడ్డితో కలిసి 1958లో ‘పెళ్లినాటి ప్రమాణాలు’ చిత్రాన్ని నిర్మించారు. పెళ్లినాడు చేసిన బాసలు సంసారంలో ఏమవుతాయో సరదాగా చూపిన ఆ చిత్రంలో జిల్లాకు చెందిన మరో తిక్కవరపు వారు, హాస్యనటుడు రమణారెడ్డి నవ్వులు పూయించారు.

1970లో యు.ఆర్.అనంతమూర్తి నవల ఆధారంగా కన్నడంలో ‘సంస్కార’ చిత్రానికి దర్శకత్వం వహించారు. గిరీష్ కర్నాడ్‌తో పాటు పఠాభి సతీమణి స్నేహలత అందులో ప్రధాన పాత్ర పోషించారు. తొలుత సెన్సారు అభ్యంతరాలు ఎదురైనా, చివరకు ఆ చిత్రం జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకుంది. కవిత్వంలో నవ్వుతూ ప్రశ్నించిన ఆచారాన్ని ఇక్కడ గంభీరంగా ప్రశ్నించారు.

చీకటి రోజులు

దంపతులిరువురూ లోహియా సోషలిస్టు భావాలతో ప్రభావితులు. మద్రాసు ప్లేయర్స్ నాటక బృందం స్థాపకులలో స్నేహలత ఒకరు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 మే నెలలో ఆమెను అరెస్టు చేశారు. ఉబ్బసంతో బాధపడుతూ ఎనిమిది నెలలకు పైగా బెంగళూరు కారాగారంలో గడిపారు. ఆరోగ్యం పూర్తిగా క్షీణించిన తరువాత పెరోల్‌పై విడుదలయ్యారు. మరికొద్ది రోజులకే, 1977 జనవరి 20న కన్నుమూశారు.

అంతటి దెబ్బ తగిలిన మనిషి కలాన్ని మూలన పడేసినా ఎవరూ తప్పుపట్టరు. పఠాభి మాత్రం దాదాపు నలభై ఏళ్ల విరామం తరువాత తెలుగు పాఠకుల ముందుకు మళ్లీ వచ్చారు. 1978లో ‘కయిత నా దయిత’ వెలువడింది. జీవన సహచరి దూరమైన మరుసటి ఏడాది, కవితే నా ప్రియురాలు అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రావడం చదువరి మనసును తాకక మానదు. 1980లో ‘పఠాభి పన్‌చాంగం’ వచ్చింది. ఇంగ్లీషులో శ్లేషను పన్ అంటారు. తిథి వార నక్షత్రాలు చెప్పే పంచాంగానికి ఆ మాటను అతికించి, పేరుతోనే నవ్వించారు. ఇరవై ఏళ్ల ప్రాయంలోని చిలిపితనం అరవై దాటినా ఆయనను విడిచిపోలేదు.

2006 మే 6న పఠాభి తుదిశ్వాస విడిచారు. పదమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి మహాభారతాన్ని తెనిగించిన నేల ఇది. ఆ పెన్నా తీరాన పుట్టి పద్యం నడుము విరగగొడతానన్న వాడిని పద్యానికి శత్రువుగా భావించడం పొరపాటు. చదవనిదే ఎవరూ వెక్కిరించలేరు. ప్రేమ లేనిదే ఆ వెక్కిరింత నిలవదు. ఇప్పుడు సెల్‌ఫోన్లు చేతబట్టి నిమిషానికో పేరడీ కట్టే జిల్లా యువత ముందు బాణీ నేర్చుకోవాలనీ, ఎదుటివారి కంటే ముందు తమను చూసి తాము నవ్వుకోవాలనీ ఆ డజను రాగాలు చెబుతున్నాయి.