మాటలు కూడబెట్టిన బ్రౌన్ దొర

మన బందరు పేరు చెప్పగానే కలంకారీ, ఓడరేవు గుర్తుకు వస్తాయి. ఇదే ఊళ్ళో ఉద్యోగం చేసి, తర్వాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ను మాత్రం మన పిల్లల్లో చాలామంది ఎరుగరు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. 1820లో కడపకు, ఆ తర్వాత మన బందరుకు కంపెనీ ఉద్యోగిగా వచ్చాడు. రెండు చోట్లా ఉచిత పాఠశాలలు పెట్టించాడు. వేమన పద్యాలు సేకరించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు.

ఆయన పండితులకు సొంత జీతంలోంచి డబ్బిచ్చి పెట్టుకున్నాడు. అందుకోసం అప్పులు కూడా చేశాడు. గ్రంథాల్లోని మాటలతో సరిపెట్టుకోక, జనం నోటి మాటలనూ చేర్చుకున్నాడు. ఒట్టి అర్థం వ్రాసి ఊరుకోలేదు. మాటను ఎట్లా వాడతారో కూడా చూపించాడు. 1834లో ఉద్యోగం పోయి లండను వెళ్ళినా తెలుగు పని మానలేదు. 1837లో తిరిగివచ్చి మద్రాసు ప్రభుత్వానికి పారశీక అనువాదకుడయ్యాడు. దాదాపు ముప్పై ఏళ్ళ శ్రమ ఫలించి, 1852-54 మధ్య ఆయన నిఘంటువులు వెలువడ్డాయి.

వాటిలో మిశ్రభాషా నిఘంటువు మనకు ముఖ్యం. తెలుగులో కలిసిపోయిన ఉర్దూ, పారశీక, అరబ్బీ, ఇంగ్లీషు మాటలకు అందులో చోటిచ్చాడు. దావా, జవాబు, వకీలు వంటివి మనం రోజూ ఇంట్లో పలికే మాటలే కదా! ఇంగ్లీషు కూడా మన దేశపు మాటలు తీసుకుంది. ఖాకీ, పైజామా ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉన్నాయి. అందుచేత ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లీషు చూసి జంకనక్కరలేదు. ఇంగ్లీషు రావాలని ఇంటి భాషను మాన్పించడం కూడా తగదు.

బ్రౌన్ 1865లో లండను యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

పిల్లలారా! పెద్ద పెద్ద మాటలు బట్టీపట్టినంత మాత్రాన ఇంగ్లీషు రాదు. 'రన్' అనే చిన్న మాటనే చూడండి. మనిషి పరుగెత్తినా, కాలువ పారినా, దుకాణం నడిపినా అదే మాట. వాక్యంలో చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. రోజుకు అయిదు మాటలు నోటుబుక్కులో వ్రాసుకోండి. పక్కన ఉర్దూ అర్థం, తెలుగు అర్థం, సొంత వాక్యం వ్రాయండి. ఏడాది తిరిగేసరికి పద్దెనిమిది వందల పైచిలుకు మాటలు మీ సొత్తవుతాయి. పరాయి దేశపు దొర మన భాష కోసం అంత కష్టపడగా, మన చదువు కోసం మనం రోజూ అరగంట కూర్చోలేమా?