సుబేదార్ రామ్‌జీ ఇంటి చదువు

దళిత విద్యార్థి పరీక్ష తప్పినా, చదువు మధ్యలో ఆపేసినా మన చుట్టూ ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో చదువుకునే వాతావరణం లేదు, తల్లిదండ్రులకు పట్టింపు లేదు అంటారు. అదే కుర్రాడు పైకొస్తే, పెంపకం బాగుంది కాబట్టి వచ్చాడు, మిగతావాళ్లు కూడా పిల్లల్ని అలాగే పెంచుకోవచ్చు కదా అంటారు. ఈ రెండో మాటకు రుజువుగా తరచూ బాబాసాహెబ్ అంబేడ్కర్‌నే చూపిస్తారు. అందుకే ఆయన బాల్యాన్నీ, ఆయన తండ్రి రామ్‌జీ మాలోజీ సక్పాల్‌నీ ఈసారి కాస్త దగ్గరగా చూద్దామనుకున్నాం.

రత్నగిరి జిల్లా అంబవడే ఆ కుటుంబం సొంతూరు. రామ్‌జీ తండ్రి మాలోజీ సైనికుడు. అంబేడ్కర్ తల్లి భీమాబాయి పుట్టినింటివాళ్లు ముర్బాద్కర్లు, వాళ్లదీ సైన్యంలో పనిచేసిన కుటుంబమే. రామ్‌జీ సుబేదార్ హోదాకు ఎదిగి, సైనిక పాఠశాలలో పద్నాలుగేళ్లు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాడు. 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో ఆయనకు పద్నాలుగో సంతానంగా భీమ్ పుట్టాడు. ఆ పద్నాలుగు మందిలో బతికి బట్టకట్టింది ఐదుగురే.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఊళ్లో మహర్ పిల్లలకు బడి గడప దాటే దిక్కులేని కాలంలో రామ్‌జీ మాస్టారు ఎలా అయ్యాడు? కంపెనీ సైన్యం తన సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు తప్పనిసరి చేసింది. ఆడపిల్లలకు కూడా చదువు చెప్పించింది. అంటే మంచి తండ్రి అనే మనిషి గాలిలోంచి ఊడిపడలేదు. ఆయన వెనుక ఒక జీతం, ఒక బడి, ఒక పింఛను ఉన్నాయి. ఆ దారి కూడా ఎక్కువ కాలం తెరిచి లేదు. 1892లో ప్రభుత్వం మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. రామ్‌జీ ఊరుకోలేదు. మహాదేవ గోవింద రానడే సాయంతో ప్రభుత్వానికి అర్జీ పెట్టించాడు. అప్పటికి భీమ్‌కు ఇంకా నడక కూడా సరిగ్గా వచ్చి ఉండదు. కానీ అన్యాయం జరిగితే కాగితం మీద రాసి అడగాలన్నది ఆ ఇంట్లో అతనికి ఊహ తెలిసేనాటికే ఉన్న అలవాటు. తర్వాతి కాలంలో సైమన్ కమిషన్ ముందు, రౌండ్ టేబుల్ సమావేశాల్లో ఆయన సమర్పించిన పత్రాలు చదివినప్పుడల్లా మాకు ఆ పాత అర్జీ గుర్తొస్తుంది.

రామ్‌జీ కబీర్‌పంథీ. మద్యం ముట్టేవాడు కాదు. తెల్లవారుజామున, రాత్రి ఇంట్లో భజనలు, అభంగాలు ఉండాల్సిందే, పిల్లలంతా కూర్చోవాల్సిందే. రామాయణ భారతాలు చదివించేవాడు. భీమ్‌కు అవి నచ్చలేదు. మనల్ని తక్కువ చేసి చూపే పుస్తకాలు మనమెందుకు చదవాలని తండ్రినే నిలదీశాడు. తండ్రి కసరలేదు, కొట్టలేదు. అంటరానివాళ్లుగా పుట్టినవాళ్లకు మేం తక్కువ అన్న భావన పట్టుకుంటుందనీ, కర్ణుడూ వాల్మీకీ లాంటివాళ్లు ఎంత ఎదిగారో చూస్తే అది పోతుందనీ తన కారణం చెప్పుకున్నాడు. కొడుకు ఆ జవాబుతో తృప్తి పడలేదు, ఆ సంగతి తర్వాత తానే రాసుకున్నాడు కూడా. మా దృష్టిలో ఆ ఇంట్లో భజనల కంటే గొప్ప పాఠం ఈ వాదనే. పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే తండ్రి జవాబు చెప్పి తీరాల్సిన ఇల్లు అది. తండ్రి భక్తితో చదివించిన గ్రంథాలనే కొడుకు పెద్దయ్యాక చీల్చి చెండాడాడు. అయినా అక్కడ తండ్రి పెంపకం ఓడిపోయిందని మేం అనుకోవడం లేదు.

భీమ్‌కు ఆరేళ్లు నిండకముందే, సతారాలో ఉండగా తల్లి పోయింది. మేనత్త మీరాబాయి పిల్లల్ని చేరదీసింది. జీవితచరిత్రల్లో ఆమెకు దక్కేది రెండు మూడు వాక్యాలే. తల్లి లేని ఐదుగురు పిల్లల ఇంటిని నడిపింది మాత్రం ఆమే. తర్వాత రామ్‌జీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. సవతి తల్లి ఒంటిమీద తన తల్లి నగలు చూసి భీమ్ తట్టుకోలేకపోయాడు. తండ్రి మీద ఆధారపడకుండా బతకాలని, బొంబాయి వెళ్లి మిల్లులో పనిలో చేరాలని నిర్ణయించుకున్నాడు. దారి ఖర్చులకు డబ్బు కావాలి. రాత్రిళ్లు పక్కనే పడుకునే మేనత్త నడుముకు దోపుకున్న చిన్న సంచి మీద కన్ను పడింది. మూడు రాత్రులు ప్రయత్నించి, నాలుగో రాత్రి లాగాడు. అందులో ఉన్నది అర్ధణా. ఆ సిగ్గులోంచే, ఇక బాగా చదివి త్వరగా పరీక్షలు గట్టెక్కి సంపాదించుకోవాలన్న పట్టుదల పుట్టిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. తండ్రి మంచి నడతే పిల్లవాణ్ణి మలిచిందని తేలిగ్గా చెప్పుకునేవాళ్లు ఈ ఘట్టాన్ని దాటేస్తుంటారు. ఆ పిల్లవాణ్ణి చదువువైపు గట్టిగా తిప్పినవాటిలో తండ్రి మీద కోపమూ ఒకటి.

1901 నాటికి రామ్‌జీ సతారా జిల్లా గోరేగావ్‌లో క్యాషియర్. కరువు బాధితులకు పని కల్పించడానికి ప్రభుత్వం అక్కడ చెరువు తవ్విస్తోంది. వేసవికి రమ్మని తండ్రి కబురు పెడితే భీమ్, అన్న, అక్క కొడుకులు రైలెక్కారు. జరీ టోపీలు, పట్టు అంచు ధోవతులు, కొత్త చొక్కాలు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వాళ్లు రాసిన ఉత్తరం సంగతి తండ్రికి చెప్పడం పనివాడు మరిచిపోయాడు. వాళ్ల దుస్తులు చూసి బ్రాహ్మణ పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు, మహర్లమని చెప్పగానే ఐదడుగులు వెనక్కి వేశాడు. ఎడ్లబండికి రెట్టింపు కిరాయి, పైగా బండి వీళ్లే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. తినడానికి తిండి ఉంది, తాగడానికి నీళ్లు పోసేవాళ్లు లేరు. రాత్రి టోల్ గేటు దగ్గర తాము ముసల్మానులమని చెప్పి చూసినా నీళ్లు దొరకలేదు. మర్నాడు పొద్దెక్కాక గాని గోరేగావ్ చేరలేదు.

శుభ్రత, క్రమశిక్షణ, మంచి బట్టలు, మర్యాదగా మాట్లాడడం, ఇవన్నీ తండ్రి ఇచ్చాడు. పిల్లల్ని ఎలా పెంచాలో మనకు సలహాలిచ్చేవాళ్ల జాబితాలో ఉండేవన్నీ ఆ బండిలో ఉన్నాయి. గుక్కెడు నీళ్లు మాత్రం అవి తెచ్చిపెట్టలేదు. బడిలోనూ అంతే. గోనెసంచి మీద విడిగా కూర్చోవాలి, బంట్రోతు వచ్చి పోస్తేనే నీళ్లు. బంట్రోతు రాని రోజు నీళ్లు లేని రోజు.

బొంబాయి పరేల్‌లో వాళ్లది చాల్‌లో ఒకే గది. వంట, కట్టెలు, పడకలు అన్నీ అందులోనే. భీమ్ తల దగ్గర తిరగలి, కాళ్ల దగ్గర మేక. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ విద్యార్థి చదువుకోవాలంటే ఇల్లు సద్దుమణగాలి. అందుకని కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రామ్‌జీ రెండు గంటల దాకా మేలుకుని ఉండి, అప్పుడు అతన్ని లేపి తాను నడుం వాల్చేవాడు. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల ఇంటికి వెళ్లి నగ అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు, పింఛను రాగానే విడిపించి ఇచ్చేవాడు. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా అందరూ తండ్రిని తలుచుకుంటారు, నగ తీసి ఇచ్చిన అక్కల్ని తలుచుకునేవాళ్లు తక్కువ. ఇద్దరు కొడుకుల్ని హైస్కూల్లో చదివించే స్తోమత లేక ఆనందరావు చదువు మాని పనిలో చేరాడు. 1907లో భీమ్ మెట్రిక్యులేషన్ గట్టెక్కాడంటే ఆ ఒక్క పట్టా కోసం ఇల్లంతా తగ్గించుకుని బతికింది.

1913 జనవరిలో, బి.ఏ. పూర్తయ్యాక, తండ్రికి ఇష్టం లేకపోయినా భీమ్ బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. కొద్ది రోజులకే తండ్రికి జబ్బుగా ఉందని తంతి వచ్చింది. తిరుగు ప్రయాణంలో తండ్రికి మిఠాయి కొందామని సూరత్‌లో దిగితే రైలు కదిలిపోయింది. చేరేసరికి రామ్‌జీ ఆఖరి ఘడియల్లో ఉన్నాడు. కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిమిరి, ఫిబ్రవరి 2న కన్నుమూశాడు. పదేళ్ల తర్వాత అచ్చయిన రూపాయి సమస్య గ్రంథాన్ని కొడుకు అమ్మానాన్నలకే అంకితమిచ్చాడు.

ఆ ఏడాదే కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో న్యూయార్క్ నుంచి తండ్రి స్నేహితుడికి అంబేడ్కర్ ఒక ఉత్తరం రాశాడు. తల్లిదండ్రులు పిల్లలకు జన్మనిస్తారు గాని రాతను ఇవ్వలేరన్న పాత నమ్మకాన్ని వదులుకోవాలనీ, పిల్లల భవిష్యత్తును మలచగలిగేది వాళ్లేననీ, కొడుకులతో పాటు కూతుళ్లనూ చదివించాలనీ దాని సారాంశం. తండ్రి పోయిన ఆరు నెలలకు ఇరవై రెండేళ్ల కుర్రాడు రాసిన మాటలవి. 1942 జూలైలో నాగపూర్‌లో అణగారిన వర్గాల మహిళల సభలోనూ తల్లులకు దాదాపు ఇదే చెప్పాడు. పిల్లల్ని చదివించండి, పెద్ద ఆశలు నేర్పండి, పెళ్లిళ్లకు తొందరపడకండి అన్నాడు.

మరి తండ్రిగా ఆయన? ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే పోయారు. కొలంబియాలో, లండన్‌లో ఆయన చదువుకుంటుంటే బొంబాయిలో రమాబాయి పిడకలు చేసి అమ్మి ఇల్లు నెట్టుకొచ్చింది. 1926 జూలైలో రాజరత్న పోయినప్పుడు ఆయన చాలాకాలం కోలుకోలేదు. మిగిలిన యశ్వంత్ కోసం తెల్లవారుజాము దాకా కాపలా కూర్చునే తీరిక ఆయనకు ఎన్నడూ చిక్కలేదు. యశ్వంత్ ప్రెస్ చూసుకున్నాడు, తండ్రి తర్వాత భారతీయ బౌద్ధ మహాసభను నడిపాడు. తండ్రీకొడుకుల మధ్య దూరం ఉండేదన్నది దాచాల్సిన విషయమని మేం అనుకోం. ఉద్యమకారుల ఇళ్లలో పెరిగిన మన మిత్రులు కొందరికి ఆ దూరం బాగా తెలుసు.

తల్లులకు చెప్పడం ఒక్కటే చేసి ఆయన ఊరుకోలేదు. తండ్రి సుబేదార్ కాని పిల్లల మాటేమిటన్నది ఆయన్ను వదలని ప్రశ్న. బహిష్కృత హితకారిణీ సభ తరఫున 1925 జనవరిలో సోలాపూర్‌లో హాస్టల్ తెరిచాడు. 1928లో అణగారిన వర్గాల విద్యా సంఘం పెట్టి మరిన్ని హాస్టళ్లు నడిపాడు. 1950లో, అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో ఆయన సంస్థ కాలేజీ ప్రారంభించింది. సోలాపూర్ హాస్టల్ పిల్లలకు తిండి, బట్ట, పుస్తకాలు సభే ఇచ్చేది. వేళ్లకు అక్షరం అలవాటైన కొద్ది రోజులకే ఆ పిల్లలు సరస్వతీ విలాస్ పేరుతో తమ సొంత మాసపత్రిక మొదలుపెట్టారు.