శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారి దండపాదుకలు

కడప, కర్నూలు సీమలయందు శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారి పేరు వినని పల్లె లేదు. వానలు తప్పిననాడును, దేశమున వింత యేదేని పుట్టిననాడును బ్రహ్మముగారు దీనిని ముందే చెప్పియుండిరని రచ్చబండకడ పెద్దలు తలఁచుకొనుట పరిపాటి. 1984లో వచ్చిన చలనచిత్రము ఆ ఖ్యాతిని మఱింత వ్యాపింపఁజేసినది. మన విశ్వబ్రాహ్మణ కులమున వెలసిన యీ మహనీయులు రాఁబోవు కాలమును గూర్చి యేమి చెప్పిరో యెల్లరు నెఱుఁగుదురు. తమ కాలమున తమ చెంత నెవ్వరిని కూర్చుండఁబెట్టుకొనిరో దానిని మనము తగినంతగా తలఁపకున్నాము.

స్వామివారు 17వ శతాబ్దమునం దుండిరని సంప్రదాయము. బాల్యమున వారిని పాపాఘ్ని మఠాధిపతులగు వీరభోజయాచార్యులును, వారి ధర్మపత్ని వీరపాపమాంబయు పెంచిరి. పిమ్మట దేశాటనము చేయుచు బనగానపల్లె చేరి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పసులఁ గాచిరి. (2022 వఱకు కర్నూలు జిల్లాలో నుండిన యీ యూరు నేఁడు నంద్యాల జిల్లాలోనిది.) రవ్వలకొండ గుహలో తాటియాకులపై కాలజ్ఞానము వ్రాసి, పాతిపెట్టి, పైన చింతమొక్క నాటిరని చెప్పుదురు. అచ్చటిదే చింతమాను మఠము. తన పసులకాపరియే గురువని గ్రహించిన అచ్చమ్మగారు వారికి శిష్యురాలయ్యెను.

అటుపిమ్మట కడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి, గోవిందమ్మగారిని పెండ్లియాడి, వడ్రంగము చేసికొనుచు గృహస్థులై యుండిరి. ఆ యూరి పోలేరమ్మ జాతరకు చందా యడుగ వచ్చిన పెద్దల కిచ్చుటకు సొమ్ము లేక, స్వామివారు గుడికడకు పోయి, చుట్టకు నిప్పు తెమ్మని అమ్మవారినే యడిగిరఁట, నిప్పు వచ్చినదఁట. గురువునకు చుట్టయేమని శంకించు శిష్టులు మనలోనుం గలరు. పల్లె ప్రజలకు మాత్రము ఈ కథయే మిక్కిలి ప్రీతి.

ఇఁక శిష్యుల మాట. ముడుమాల సిద్దయ్య దూదేకుల యింట పుట్టినవాఁడు. ఆతఁడు స్వామివారి నాశ్రయించుట చూచి ఆతని వారు కోపించి నవాబుకడ మొఱవెట్టుకొనిరని కథ. కక్కయ్య మాదిగ. దేహమునందు షట్చక్రములును దేవతలును కలరని స్వామివారు సిద్దయ్యకు బోధించుట విని, అవి కంటఁ జూడఁగోరి యింటికేఁగి నిద్రించుచున్న భార్య శరీరమును కోసెనఁట! ఏమియు కానరాక, బోధ బూటకమని యేడ్చుచు వచ్చెను. స్వామివారు ఆమెను బ్రతికించి, ఆతనిని శిష్యునిగాఁ గైకొనిరి. తత్త్వము కత్తికి దొరకునది కాదని తెలుపు నీ కథ ఘోరమైనదే. కాని బోధ నిజమా కాదా యని పరీక్షింప సాహసించినవాఁడు కక్కయ్య యొక్కఁడే యని గమనింపవలెను. మన సభామంటపమున స్వామివారి పటము చెంత వీరికి చోటున్నదో లేదో యొక్కమాఱు చూతము.

వైశాఖ శుద్ధ దశమినాఁడు స్వామివారు జీవసమాధి నిష్ఠులైరి. తాము సమాధియందు సజీవులమే గనుక వైధవ్య చిహ్నములు ధరింపవలదని గోవిందమ్మగారికి చెప్పిరని సంప్రదాయము. సిద్దయ్య యీ యెడఁబాటు నోర్వఁజాలఁడని యెంచి, పూలు తెమ్మని యాతనిని ముందే బనగానపల్లెకుఁ బంపిరి. ఆతఁడు తిరిగివచ్చి సమాధిపైఁ బడి విలపింపఁగా స్వామివారు దర్శనమిచ్చి దండమును, పాదుకలను, ముద్రికను ఆతనికే యొసఁగిరని చెప్పుదురు.

పీఠము స్వామివారి సంతతికి వచ్చినది. వారి పౌత్రి ఈశ్వరమ్మగారు బ్రహ్మచారిణియై తాతగారి బోధను ప్రచారము చేసిరి. కందిమల్లాయపల్లె నేఁడు బ్రహ్మముగారి మఠమను పేరనే ప్రసిద్ధము. ఏటేట వైశాఖమున ఆరాధన జరుగును. దండపాదుకలు పొందిన సిద్దయ్య ముడుమాలకు మరలిపోయి, అచ్చట మఠము నెలకొల్పి, గురుమార్గమును బోధించుచు తుదకు నచ్చటనే సమాధినందెను.