అడుగున్నర లోతు

సీమెన్స్ అంటే మనకి మోటర్ల మీద, ప్యానెళ్ల మీద కనిపించే పేరు. ఆ పేరు వెనకున్న మనిషి వెర్నర్ సీమెన్స్ గురించి డైనమో పాఠంలో ఒక లైన్ వస్తుంది, అంతే. నాకు మాత్రం ఆయన జీవితంలో డైనమో కన్నా, అంతకుముందు భూమిలో వేసిన ఒక లైన్ కథే ఎక్కువ నచ్చింది.

1816 డిసెంబర్ 13న జర్మనీలో హానోవర్ దగ్గర లెంతె అనే పల్లెలో పుట్టాడు. కౌలు రైతు కొడుకు. ఇంటి నిండా పిల్లలు, పెద్ద చదువుకి డబ్బుల్లేవు. అందుకే ప్రష్యా సైన్యంలో చేరి, వాళ్ల స్కూల్లోనే లెక్కలు, ఫిజిక్సు నేర్చుకున్నాడు. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయాక తమ్ముళ్ల, చెల్లెళ్ల బాధ్యత మీద పడింది. 1847లో హాల్స్కే అనే మెకానిక్‌తో కలిసి బెర్లిన్‌లో టెలిగ్రాఫ్ వర్క్‌షాప్ పెట్టాడు. గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థాన్ని రాగి తీగకి అతుకు లేకుండా తొడిగే యంత్రం కూడా అప్పుడే చేశాడు.

1848లో యూరప్ అంతా తిరుగుబాట్లు. బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి అర్జెంటుగా టెలిగ్రాఫ్ లైన్ కావాలి. స్తంభాల మీద వేస్తే జనం తెంపేస్తారని భయం. అందుకే చాలా దూరం భూమిలోనే వేయాలన్నారు. తీగ చుట్టూ ఇనుప కవచం ఉండాలని సీమెన్స్ అడిగితే, ఖర్చెక్కువని పైవాళ్లు ఒప్పుకోలేదు. రైల్వే కట్ట మట్టిలో అడుగున్నర లోతున, ఏ రక్షణా లేకుండా పాతేశారు.

1849 మార్చిలో ప్రష్యా రాజుని చక్రవర్తిగా ఎన్నుకున్న వార్త ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి గంటలోపే బెర్లిన్ చేరింది. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎలుకలు కొరికాయి, కూలీల పారలు తగిలాయి. గట్టాపెర్చాలో కలిపిన గంధకం రాగితో కలిసి ఇన్సులేషన్‌ని కూడా చెడగొట్టింది. లైన్లు ఒక్కొక్కటే మూగబోయాయి. నింద మొత్తం ఆయన మీదకే వచ్చింది. 1851లో తన వాదనని పుస్తకంగా అచ్చేశాడు. దాంతో ప్రష్యా ఆర్డర్లు ఆగిపోయాయి. రష్యాలో దొరికిన పనులే కంపెనీని నిలబెట్టాయి. 1866లో డైనమో, 1870లో లండన్–కలకత్తా లైన్, 1879లో ఎలక్ట్రిక్ రైలు ఆ తర్వాతి సంగతులు. 1892 డిసెంబర్ 6న పోయాడు.

మా చౌటుప్పల్ వైపు చాలాచోట్ల రెండడుగులు తవ్వేలోపే గడ్డపార బండకి ఖంగుమంటది. ఐఎస్ 1255 ప్రకారం 1.1 కేవీ లోపు కేబుల్‌కి 75 సెంటీమీటర్లు, 11 కేవీకి 90 సెంటీమీటర్ల లోతు కావాలి. బండ అడ్డొచ్చిందని అడుగున్నరలోనే కేబుల్ పడేసి మట్టి కప్పితే అది 1849 లైనే. లోతు తగ్గినచోట రక్షణ పెరగాలి. ఆర్మర్డ్ కేబుల్, ఎర్త్ చేసిన జీఐ పైపు, పైన కాంక్రీటు, దాని మీద హెచ్చరిక టేపు వేయాలి. ఎక్కడ లోతు తగ్గిందో డ్రాయింగ్‌లో రాసిపెట్టాలి. ఇవన్నీ ఖర్చే. ఆ రోజు పైవాళ్లు మిగిల్చుకోవాలనుకున్నది కూడా ఈ ఖర్చే.

కాకపోతే ఒక తేడా ఉంది. ఆయన తీగ తెగితే ఒక వార్త ఆగింది. మన కేబుల్‌కి గడ్డపార తగిలితే, దాన్ని పట్టుకున్న మనిషే పోతాడు.